ముద్ర వేసేవారికి లేని జంకు: అమెరికా రహస్య పత్రాలపై పాఠకుల ప్రశ్నలు

ఏది రహస్యం, ఎవరు చెప్పాలి, ఎన్నాళ్లు దాచాలి అన్న పద్ధతిని మార్చాలని అమెరికాలో సెనేటర్లు, నిఘా సంస్థల పెద్దలు, చరిత్రకారులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఆ చర్చ మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్ర: ‘క్లాసిఫైడ్’, ‘సీక్రెట్’, ‘టాప్ సీక్రెట్’ అని వార్తల్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తున్నారు. వీటి మధ్య తేడా ఏమిటి? (పోటీ పరీక్షల అభ్యర్థి, కాకినాడ)

జ: క్లాసిఫైడ్ అనేది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో మూడు మెట్లున్నాయి. బయటికి పొక్కితే దేశ భద్రతకు ‘హాని’ అనుకుంటే కాన్ఫిడెన్షియల్, ‘తీవ్రమైన హాని’ అయితే సీక్రెట్, ‘అసాధారణంగా తీవ్రమైన హాని’ అయితే టాప్ సీక్రెట్. ఈ మెట్లను ఏర్పరిచిన అధ్యక్షుడి ఉత్తర్వులో ఉన్న కొలత ఇంతే. హానికీ తీవ్రమైన హానికీ నడుమ గీత ఎక్కడ గీయాలో అందులో లేదు. ముద్ర వేసే మనిషి అంచనాయే ఆ గీత. చర్చలో సగం తగవు ఇక్కడే పుడుతోంది.

టాప్ సీక్రెట్ అనుమతి ఉన్నవాళ్లంతా టాప్ సీక్రెట్ పత్రాలన్నీ చూడొచ్చనుకుంటే పొరపాటు. ఆ ఫలానా కాగితం ఆ ఉద్యోగి పనికి అవసరమై ఉండాలి. కొన్ని నిఘా వర్గాల సమాచారానికి విడిగా ఇంకో తాళం ఉంటుంది. అది నాలుగో మెట్టేమీ కాదు, అదే మెట్టు మీద వేరే గది అనుకోండి.

ప్ర: ఇదంతా ఏ చట్టం కింద నడుస్తోంది? అధ్యక్షుడు మనసులో అనుకుంటే చాలు, పత్రం రహస్యం కాకుండా పోతుందని ట్రంప్ అన్నారు. నిజమేనా? (న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం)

జ: విచిత్రమేమిటంటే ఈ వ్యవస్థలో ఎక్కువ భాగానికి చట్టమే లేదు. అధ్యక్షుడి ఉత్తర్వుల మీద నడుస్తోంది. 1940లో రూజ్‌వెల్ట్ మొదలుపెట్టారు. ఆ తర్వాత ట్రూమన్, ఐసెన్‌హోవర్, నిక్సన్, కార్టర్, రీగన్, క్లింటన్ ఎవరికి వారు తిరగరాశారు. ఒబామా 2009 డిసెంబర్ 29న సంతకం చేసిన 13526 నంబరు ఉత్తర్వు ఒకటిన్నర దశాబ్దంగా అందరూ పట్టుకుని తిరుగుతున్న పుస్తకం.

దీనికి పెద్ద మినహాయింపు అణ్వాయుధాల సమాచారం. దాన్ని 1946 నాటి అణుశక్తి చట్టం, దాని స్థానంలో వచ్చిన 1954 చట్టం నేరుగా రహస్యం చేశాయి. ఎవరూ ముద్ర వేయనక్కర్లేదు, అది పుట్టుకతోనే రహస్యం. దాన్ని బయటపెట్టాలంటే చట్టం చెప్పిన దారిలోనే పోవాలి.

మనసులో అనుకోవడం గురించి: 2022 సెప్టెంబర్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ట్రంప్ ఆ మాట అన్నారు. అధ్యక్షుడికి రహస్య ముద్ర తీసేసే అధికారం విస్తృతంగా ఉందన్న దానిలో వివాదం పెద్దగా లేదు. కానీ ముద్ర తీశామని ఎక్కడో ఒకచోట రాసి ఉండకపోతే, ఆ కాగితం ప్రతులున్న మిగతా బీరువాల్లో అది ఇంకా రహస్యమే కదా! ట్రంప్ ఫ్లోరిడా నివాసం మార్‌-ఎ-లాగోలో దొరికిన ప్రభుత్వ పత్రాల వివాదంలో అప్పీలు కోర్టు ఆ వాదనను పక్కదారి పట్టించేదంటూ తోసిపుచ్చింది. ముద్ర తీసినంత మాత్రాన పత్రంలో ఉన్నది మారదు, ప్రభుత్వ పత్రం సొంత ఆస్తి అయిపోదు అని చెప్పింది.

ప్ర: నియమాలు ఇంత వివరంగా ఉన్నప్పుడు అతిగా రహస్యం చేయడం అనేది ఎలా జరుగుతుంది? అక్కడి ఆఫీసులో ఒక కాగితం రహస్యం అయ్యే తీరు కాస్త వివరించండి. (విశ్రాంత ప్రభుత్వోద్యోగి, కర్నూలు)

జ: మీరు ఆఫీసు పని తెలిసినవారు కాబట్టి కాగితాన్ని దగ్గరగా చూపిస్తాం.

కొత్తగా ‘ఇది రహస్యం’ అని మొదటిసారి తేల్చే అధికారం కొద్దిమందికే ఉంటుంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సంస్థల అధిపతులు, వారు రాతపూర్వకంగా అధికారం ఇచ్చినవారు. అందరూ కలిపి రెండు వేలకు అటూ ఇటూ. వాళ్లకు ఏటా శిక్షణ తప్పనిసరి. తప్పితే అధికారం ఆగిపోతుంది. రహస్యం చేయదగ్గ విషయాలు కూడా ఎనిమిది రకాలే: సైనిక పథకాలు, విదేశీ ప్రభుత్వాలు నమ్మి ఇచ్చిన సమాచారం, నిఘా వర్గాలు, వాటి పద్ధతులు, విదేశీ సంబంధాలు, అణు పదార్థాల భద్రత, వ్యవస్థల్లోని లోపాలు... ఇలా. తప్పులు కప్పిపుచ్చడానికీ, అసమర్థత దాచడానికీ, పరువు పోతుందనీ ముద్ర వేయకూడదని ఉత్తర్వు తేటతెల్లంగా చెబుతుంది. గట్టి అనుమానం ఉంటే అసలు రహస్యం చేయవద్దు, ఏ మెట్టో అనుమానం ఉంటే కింది మెట్టే వేయి అని కూడా ఉంది. కాగితం మీద ఇంతకంటే చక్కని నియమాలు రాయడం కష్టం.

కథ మారేది రెండో అంచెలో. ఇప్పటికే రహస్యమైన విషయాన్ని వాడుకుని కొత్త నోట్ రాసే ప్రతి ఉద్యోగీ ఆ పాత ముద్రను కొత్త కాగితానికి ఎక్కించాలి. దీన్ని ‘డెరివేటివ్’ అంటారు, అంటే అరువు ముద్ర. భద్రతా అనుమతి ఉన్నవాళ్లు 40 లక్షల మందికి పైనే. వీళ్లలో ఎవరైనా పనిలో భాగంగా ఈ ముద్ర వేయవచ్చు. వీళ్లకు శిక్షణ రెండేళ్లకోసారి.

కాగితం ఇలా ఉంటుంది. పైనా కిందా పెద్ద అక్షరాల్లో ‘సీక్రెట్’. ప్రతి పేరా మొదట్లో బ్రాకెట్లో ఒక అక్షరం: రహస్యం కాని పేరాకు ‘యు’, సీక్రెట్ పేరాకు ‘ఎస్’. మొత్తం పత్రానికి అందులోని అన్నిటికంటే పై మెట్టు ముద్ర పడుతుంది. ఇరవై పేరాల్లో పంతొమ్మిది ‘యు’ అయినా, ఒక్కటి ‘ఎస్’ అయితే పత్రం సీక్రెట్టే. అట్ట మీద ఒక పెట్టె ఉంటుంది. ఎవరు ముద్ర వేశారు, ఏ మూలం నుంచి తీసుకున్నారు, ఏ తేదీకి ముద్ర తీయాలి అన్నవి అందులో రాయాలి. తేదీ ఎనిమిది అంకెల్లో, సంవత్సరం ముందు: 20501231 అన్నట్టు.

ఇప్పుడు తప్పులు చూద్దాం. సాయంత్రం ఆరింటికి నోట్ పూర్తి చేస్తున్న ఉద్యోగి పేరా పేరాకు ఆలోచించడు. పాత ఫైలు తెరిచి, దాని మూస కాపీ చేసి, అన్ని పేరాలకూ ‘ఎస్’ కొట్టేస్తాడు. మూలాలు నాలుగైదు ఉంటే ‘అనేక మూలాలు’ అని రాస్తాడు కానీ జాబితా జతచేయడు. ఇరవై ఏళ్ల తర్వాత ముద్ర తీయడానికి కూర్చున్నవాడికి ఏ పేరా ఎక్కడి నుంచి వచ్చిందో అంతు చిక్కదు. రహస్య నెట్‌వర్క్‌లో పనిచేసేవాళ్ల ఈ-మెయిల్ పెట్టెలో ముద్ర ముందే ఎంపికై ఉంటుంది. ‘మధ్యాహ్నం మీటింగ్ వాయిదా’ అన్న మాట కూడా దానితోనే వెళ్తుంది. ఇంకొకటి, పత్రికల్లో వచ్చేసిన సంగతే అయినా అధికారికంగా ముద్ర తీయనంతవరకు అది లోపల రహస్యమే. ఊరంతా చదివిన వార్తను ఉద్యోగి మాత్రం తెలియనట్టు నటించాలి.

వీటన్నిటి వెనుకా ఉన్నది ఒక చిన్న లెక్క. తక్కువ ముద్ర వేసి ఏదైనా పొక్కితే ఉద్యోగం పోతుంది, కొన్నిసార్లు జైలు. ఎక్కువ ముద్ర వేస్తే? ఏమీ కాదు. ఈ లెక్కలో ఎవరైనా ఎటు మొగ్గుతారో మీకు చెప్పనక్కర్లేదు.

ప్ర: అతిగా రహస్యం చేస్తున్నారని అంటున్నవారు ఎవరు? ప్రభుత్వాన్ని తిట్టే పత్రికలేనా? (ఉపాధ్యాయుడు, నల్లగొండ)

జ: లోపలివాళ్లే. 9/11 దర్యాప్తు కమిషన్ అధ్యక్షుడు థామస్ కీన్ తాను చదివిన రహస్య పత్రాల్లో మూడొంతులు అసలు రహస్యం కానక్కర్లేదన్నారు, నాలుగింట మూడు అని. 2004లో ప్రతినిధుల సభ విచారణలో రక్షణశాఖ సీనియర్ అధికారిణి కారల్ హావ్‌ని ఇదే అడిగితే సగం దాకా అతి కావచ్చన్నారు. 1971లో ‘పెంటగాన్ పత్రాలు’, అంటే వియత్నాం యుద్ధంపై రక్షణశాఖ రహస్య అధ్యయనం, ప్రచురించకూడదని సుప్రీంకోర్టులో ప్రభుత్వం తరఫున వాదించిన ఎర్విన్ గ్రిస్‌వోల్డ్, 1989లో వాషింగ్టన్ పోస్ట్‌లో రాస్తూ అతి విపరీతంగా ఉందని, అసలు భయం దేశ భద్రత కాదు, ప్రభుత్వానికి తలవంపులని ఒప్పుకున్నారు. 2022 జనవరిలో అప్పటి జాతీయ నిఘా డైరెక్టర్ ఎవ్రిల్ హేన్స్ ఇద్దరు సెనేటర్లు రాన్ వైడెన్, జెర్రీ మోరాన్‌లకు లేఖ రాస్తూ, ఈ పద్ధతి లోపాలు దేశ భద్రతకే చేటు చేస్తున్నాయన్నారు. తాళాలు పెట్టుకున్న ఇంటి పెద్దే తాళాలు సరిగా లేవన్నట్టు.

కొలతల కోసం: 2012 ఆర్థిక సంవత్సరంలో కొత్తగా రహస్యం చేసిన నిర్ణయాలు సుమారు 73 వేలు. అదే ఏడు అరువు ముద్రలు 9.5 కోట్లు. రోగం ఏ అంచెలో ఉందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2017లో రహస్యాల రక్షణకు అయిన ఖర్చు 1,839 కోట్ల డాలర్లు అని ప్రభుత్వ రహస్య ముద్రల పర్యవేక్షక కార్యాలయం లెక్కకట్టింది. ఆ తర్వాత ఆ లెక్కలు సేకరించే పద్ధతినే వదిలేశారు. డిజిటల్ కాలంలో కాగితాల లెక్క అర్థం కోల్పోయిందన్నది వాళ్లు చెప్పే కారణం. నిజం ఉంది. కానీ కొలవడం మానేస్తే తగ్గిందో పెరిగిందో ఎలా తెలుస్తుంది?

ప్ర: రహస్యాలు ఎక్కువైతే నష్టమేమిటి? జాగ్రత్త ఎక్కువైతే మంచిదే కదా! (గృహిణి, వరంగల్)

జ: ఇంట్లో ప్రతి డబ్బాకూ తాళం వేస్తే, చివరికి తాళాలన్నీ గుమ్మం పక్కన మేకుకు వేలాడతాయి. జరిగేది అదే. పెంటగాన్ పత్రాల తీర్పులోనే న్యాయమూర్తి పాటర్ స్టివార్ట్ దీన్ని పట్టుకున్నారు: అంతా రహస్యమైతే ఏదీ రహస్యం కాదు, ఆ ముద్రను ఎవరూ ఖాతరు చేయరు అని.

రెండు వైపులా నష్టమే. సమాచారం కావాల్సినవాడికి చేరదు. ఒక సంస్థకు తెలిసింది ఇంకో సంస్థకు అందకపోవడం ఎంత ముప్పో 9/11 కమిషన్ 2004 నివేదికలో రాసింది. 2010లో అతి వర్గీకరణను తగ్గించే చట్టం వచ్చింది కూడా అందుకే. ఇటువైపు, పని జరగడానికి లక్షల మందికి అనుమతులు ఇవ్వాల్సి వస్తుంది. మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో జాక్ టెషీరా అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు టాప్ సీక్రెట్ పత్రాలు గేమ్ ఆడుకునే స్నేహితులకు చూపించుకోవడం 2023 ఏప్రిల్‌లో బయటపడింది. అతని పని కంప్యూటర్ నెట్‌వర్క్ చూసుకోవడం. 2024 నవంబర్‌లో 15 ఏళ్ల శిక్ష పడింది. అంత చిన్న ఉద్యోగికి అన్ని బీరువాలు ఎందుకు తెరుచుకున్నాయి అన్న ప్రశ్నకు మాత్రం శిక్ష జవాబు కాదు.

ప్ర: 25 ఏళ్లు దాటితే రహస్యం దానంతటదే పోతుందని చదివాను. మరి కెనెడీ హత్య పత్రాలు 60 ఏళ్లు ఎందుకు దాచారు? (డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు)

జ: 1995లో క్లింటన్ తెచ్చిన నియమం అది. పాతికేళ్లు నిండిన సంవత్సరం డిసెంబర్ 31న ముద్ర పోయినట్టే. కానీ మినహాయింపులు తొమ్మిది రకాలు. నిఘా సంస్థకు సమాచారం ఇచ్చిన మనిషి పేరు బయటపడుతుందన్నా, సామూహిక విధ్వంస ఆయుధాల తయారీ తెలుస్తుందన్నా ఇంకా పొడిగించవచ్చు. 50, 75 ఏళ్ల మెట్లు విడిగా ఉన్నాయి.

‘దానంతటదే’ అన్న మాట కూడా కొంచెం మోసం. ఒకే పత్రంలో మూడు సంస్థల సమాచారం ఉంటే, మూడింటికీ పంపి ఒప్పించాలి. ఒక సంస్థ చూసేలోగా ఇంకో సంస్థ అడిగిన గడువు అయిపోతుంది. అణు సమాచారం పొరపాటున బయటికి పోతోందని 1998లో కాంగ్రెస్ ఇంకో నిబంధన పెట్టింది: ఫలానా పెట్టెలో అది ఉండే అవకాశం లేదని తేల్చలేకపోతే పేజీ పేజీ తిప్పి చూడాలి. 2009 ఉత్తర్వు నాటికి ప్రభుత్వ పాత పత్రాల భాండాగారమైన నేషనల్ ఆర్కైవ్స్‌లో పేరుకున్న కుప్ప సుమారు 40 కోట్ల పేజీలు. 2013 ఆఖరుకు తేల్చమని గడువు పెట్టాల్సి వచ్చింది.

ఎంతకాలం సాగుతుందో చూడాలంటే: మొదటి ప్రపంచ యుద్ధంలో అదృశ్య సిరా తయారీ గురించి 1917, 1918 నాటి ఆరు పత్రాలను సీఐఏ 2011 ఏప్రిల్‌లో బయటపెట్టింది. ఆ సిరా పద్ధతులు ఎప్పుడో పాతబడ్డాయి. అన్నీ ఇంత గంభీరమైనవి కూడా కావు. 1974 డిసెంబర్ సీఐఏ వారపు ఉగ్రవాద నివేదికలో ఉత్తర ధ్రువ ప్రభుత్వం వారి వార్షిక విమానం మీద, అంటే శాంటా క్లాజ్ బండి మీద, దాడి జరగొచ్చని ఎవరో సరదాగా రాశారు. ఆ జోకు కూడా రహస్య పత్రంలో భాగమై ఏళ్ల తరబడి దాగుంది.

కెనెడీ పత్రాలకు 1992లో ప్రత్యేక చట్టమే ఉంది. 2017 అక్టోబర్ 26 ఆఖరి గడువు. అధ్యక్షులు వాయిదా వేస్తూ పోయారు. ట్రంప్ 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చి మార్చి 18 నుంచి బయటపెట్టించారు. ఆ తొందరలో వివరాలు కప్పిన నల్లసిరా పూర్తిగా తీసేయడంతో బతికున్న మనుషుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (అక్కడి గుర్తింపు నంబర్లు) కూడా పత్రాల్లో కనిపించాయి. అరవై ఏళ్లు దాచి చివరికి ఒక్కరాత్రిలో గుమ్మరించిన ఫలితం.

ప్ర: బయటపెట్టిన పత్రాన్ని మళ్లీ రహస్యం చేయగలరా? (అడ్వకేట్, విజయవాడ)

జ: చేశారు. 1999 నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌లో అందరూ చదివే అరల్లోంచి చడీచప్పుడు లేకుండా పత్రాలు తీసేస్తున్నట్టు 2006లో బయటపడింది. తనిఖీలో తీసేసినవి 25,315 అని తేలింది. వాటిలో నాలుగో వంతు దాకా తీయాల్సిన అవసరమే లేదు. కొన్నిటి జిరాక్సులు అప్పటికే చరిత్రకారుల ఇళ్లలో ఉన్నాయి! ఇప్పుడు మళ్లీ రహస్యం చేయాలంటే సంస్థ అధిపతి స్వయంగా, రాతపూర్వకంగా తేల్చాలి.

ప్ర: 1971 యుద్ధంపై పరిశోధన చేస్తున్నాను. అమెరికా పత్రాలు అక్కడి నుంచి అడిగి తెప్పించుకోవచ్చా? పద్ధతి చెప్పండి. (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

జ: తెప్పించుకోవచ్చు. కానీ అడగక ముందు బయటికి వచ్చేసినవి చూడండి. అమెరికా విదేశాంగ శాఖ చరిత్ర విభాగం తమ దౌత్య పత్రాలను సంపుటాలుగా వేస్తుంది. 1969-76 శ్రేణిలో పదకొండో సంపుటం పూర్తిగా 1971 దక్షిణాసియా సంక్షోభం మీదే. 2005లో వచ్చింది, ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంది. సీఐఏ పాత పత్రాల భాండాగారం కూడా 2017 జనవరి నుంచి ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. చేతిలో ఉన్న పత్రం కోసం అర్జీ పెట్టి రెండేళ్లు ఎదురుచూసినవాళ్లు తక్కువేమీ కాదు.

అక్కడా దొరకకపోతే దారులు రెండు. మొదటిది 1966 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం. అమెరికా పౌరులే కానక్కర్లేదు, ఎవరైనా అడగవచ్చు. విదేశీ ప్రభుత్వాలూ, వాటి తరఫువాళ్లూ అడిగితే మాత్రం నిఘా సంస్థలు ఇవ్వవు. కాబట్టి మీ అర్జీ వ్యక్తిగతంగా ఉండాలి, ప్రభుత్వ కార్యాలయం లెటర్‌హెడ్ వాడకండి. చట్టం చెప్పే గడువు 20 పనిదినాలు. రహస్య పత్రాల విషయంలో దాన్ని నమ్ముకుని టికెట్లు కొనుక్కోవద్దు. విద్యా పరిశోధకులకు వెతికిన రుసుము ఉండదు, మొదటి 100 పేజీల కాపీ ఉచితం. ఆ వర్గంలో చేర్చమని అర్జీలోనే రాయాలి, రాయకపోతే మామూలు అర్జీదారు లెక్కలో రెండు గంటల వెతుకులాటే ఉచితం. ఎంత వరకు చెల్లించగలరో కూడా ఒక వాక్యం రాయండి. లేకపోతే రుసుము తేల్చేవరకు అర్జీ పక్కన పడుతుంది.

రెండోది ఎండీఆర్, అంటే తప్పనిసరిగా ముద్రను తిరిగి చూడాలని అడగడం. దీనికి పత్రం కచ్చితంగా ఏదో చెప్పాలి. ‘1971 గురించి ఉన్నవన్నీ’ అంటే తిరస్కరిస్తారు. ఆ కచ్చితమైన వివరం ఆర్కైవ్స్ పెట్టెల్లోనే దొరుకుతుంది: దాచిన పత్రం స్థానంలో ‘విత్‌డ్రాయల్ షీట్’ అని ఒక కాగితం పెడతారు. పత్రం రకం, ఎవరు ఎవరికి రాశారు, తేదీ, ఎన్ని పేజీలు అన్నవి అందులో ఉంటాయి. అది ఫొటో తీసుకుని పెట్టె నంబరు, ఫోల్డర్ పేరుతో సహా అర్జీలో అలాగే దించండి. సంస్థకు ఏడాది గడువు. కాదంటే 60 రోజుల్లో అదే సంస్థకు అప్పీలు, అక్కడా కాదంటే 60 రోజుల్లో వివిధ సంస్థల ప్రతినిధులుండే అప్పీళ్ల ప్యానెల్‌కు. ఏడాదైనా పలకకపోతే నేరుగా ఆ ప్యానెల్‌కు వెళ్లవచ్చు. ఎండీఆర్‌లో కోర్టుకు వెళ్లే హక్కు లేదు, సమాచార స్వేచ్ఛ చట్టంలో ఉంది. రెండేళ్లలోపు ఒకసారి చూసిన పత్రాన్ని మళ్లీ చూడనక్కర్లేదని తోసిపుచ్చవచ్చు.

మా సలహా: పత్రం ఏదో తెలిస్తే ఎండీఆర్, తెలియకపోతే సమాచార స్వేచ్ఛ చట్టం. మాజీ అధ్యక్షులు కెనెడీ, జాన్సన్‌ల పేరిట ఉన్న గ్రంథాలయాలకు దానంగా వచ్చిన కాగితాలకు సమాచార స్వేచ్ఛ చట్టం వర్తించదు కనుక అక్కడ ఎండీఆరే దారి. ‘ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం’ అన్న జవాబు వస్తే కంగారు పడకండి. 1970ల్లో మునిగిన సోవియట్ జలాంతర్గామిని పైకి లాగబోయిన గ్లోమార్ ఓడ గురించి అడిగినప్పుడు పుట్టిన జవాబు అది. దాని మీద కూడా అప్పీలు చేయవచ్చు.

ప్ర: సంస్కరణ అంటే ఏం మార్చాలంటున్నారు? అడ్డుపడేది ఎవరు? (బ్యాంకు ఉద్యోగి, తిరుపతి)

జ: ప్రధానంగా నాలుగు వాదాలు. ఒకటి, మూడు మెట్లను రెండు చేయడం. కాన్ఫిడెన్షియల్ తీసేయాలని 2012లోనే డీక్లాసిఫికేషన్ (రహస్య ముద్ర తీయడం) సలహా బోర్డు చెప్పింది. బ్రిటన్ 2014 ఏప్రిల్‌లో తన మెట్లను కుదించి అఫీషియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడింటికి తెచ్చింది. అయితే మెట్లు తగ్గిస్తే ఉద్యోగులు అన్నీ పైమెట్టుకే తోస్తారన్న భయం అమెరికాలో ఉంది. ఆ భయం నిరాధారమేమీ కాదు.

రెండోది, ఉత్తర్వుల బదులు చట్టం. సెనేటర్ డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ అధ్యక్షతన కమిషన్ 1997లో ఇదే అడిగింది. రహస్యం కూడా ఒక రకమైన ప్రభుత్వ నియంత్రణే, కాకపోతే నియమం ఏమిటో జనానికే తెలియని నియంత్రణ అన్నది దాని వాదన సారం. శ్వేతసౌధంలో ఎవరున్నా ఈ చోట మాత్రం ఒక్కమాట మీద ఉంటారు: సైన్యాధిపతిగా ఇది అధ్యక్షుడి అధికారం, కాంగ్రెస్ వేలు పెట్టకూడదు. 1988లో సుప్రీంకోర్టు ఒక నౌకాదళ ఉద్యోగి అనుమతి కేసులో రాసిన మాటలను దీనికి ఆధారంగా చూపుతారు.

మూడోది, ప్రజాప్రయోజనం. ముద్ర తీయాలా వద్దా అన్నప్పుడు జరిగే హానిని, జనానికి తెలియడం వల్ల కలిగే మేలుతో తూచి చూడాలి. కార్టర్ 1978లో ఈ తక్కెడ పెట్టారు, రీగన్ 1982లో తీసేశారు. 2023 మేలో వార్నర్, కోర్నిన్, మోరాన్, వైడెన్ అనే నలుగురు సెనేటర్లు, రెండు పార్టీల వాళ్లు, తెచ్చిన బిల్లుల్లో ఇది మళ్లీ వచ్చింది. ఎంత ముద్ర వేస్తే అంత పన్ను సంస్థల మీద వేసి, ఆ డబ్బు ముద్రలు తీయడానికి వాడాలన్న ఆలోచన కూడా అందులోదే. మాకు అన్నిటికంటే నచ్చింది అది. ముద్ర ఉచితంగా దొరుకుతున్నంతకాలం వాడకం తగ్గదు. ఆ బిల్లుల్లో కొన్ని తేలిక భాగాలు 2023 డిసెంబర్‌లో రక్షణ చట్టంలో కలిసి ఆమోదం పొందాయి. బరువైనవి ఆగిపోయాయి.

నాలుగోది, యంత్రాలు. ఈ-మెయిళ్లు కోట్లలో ఉన్నప్పుడు మనుషులు పేజీలు తిప్పలేరు, నిజమే. తెలిసిన పేర్లు, నంబర్లు గుర్తుపట్టడం కంప్యూటర్‌కు సులువే. విడివిడిగా నిరపాయంగా ఉన్న మూడు సంగతులు కలిస్తే ఒక మనిషి గుట్టు బయటపడుతుందా అన్నది పట్టుకోవడమే కష్టం. పాత ముద్రలతో నేర్పితే పాత అతినే నేర్చుకుంటుంది.

ప్ర: మన దేశంలో ఈ చర్చ ఎక్కడుంది? (సమాచార హక్కు కార్యకర్త, శ్రీకాకుళం)

జ: మనది ఎదురు దారి. 1923 అధికార రహస్యాల చట్టం శిక్షలు చెబుతుంది కానీ ‘రహస్యం’ అంటే ఏమిటో నిర్వచించదు. దాన్ని రద్దు చేయాలని రెండో పరిపాలన సంస్కరణల సంఘం 2006లో సిఫారసు చేసింది, కదలలేదు. మీకు ఆసరా సమాచార హక్కు చట్టం 22వ సెక్షన్. అది 1923 చట్టాన్ని మించి వర్తిస్తుంది. 8(2) కింద ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు. ‘ఇది సీక్రెట్ ఫైలు’ అని మాత్రమే రాసి తిరస్కరిస్తే, 8(1)లో ఏ ఉపనిబంధన, ఏ హాని అని అప్పీలులో నిలదీయండి. రఫేల్ కేసులో, బయటికి పొక్కిన రహస్య పత్రాలను కోర్టు చూడకూడదన్న ప్రభుత్వ అభ్యంతరాన్ని 2019 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చిన తీర్పు ఉటంకించండి.

ప్ర: ఊరికే ముద్ర వేసినందుకు అమెరికాలో ఎవరికైనా శిక్ష పడిందా? (పాత్రికేయుడు, ఖమ్మం)

జ: శిక్ష వేసే వీలు ఉత్తర్వులో ఉంది. నియమాలు మీరి ముద్ర వేసినవారిని మందలించవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, తీసేయవచ్చు. అనుమతి ఉన్న ఉద్యోగి తన చేతిలోని పత్రం ముద్ర తప్పని సవాలు చేయవచ్చు కూడా. సంస్థ 60 రోజుల్లో రాతపూర్వకంగా బదులివ్వాలి. పై అధికారి వేసిన ముద్రను రేపటి బదిలీ, పదోన్నతి ఆయన చేతిలో ఉన్న ఉద్యోగి సవాలు చేస్తాడా అన్నది వేరే సంగతి.

శిక్ష నిబంధనను పరీక్షించి చూసినవారు ఒకరున్నారు, జె. విలియం లియోనార్డ్. జాతీయ భద్రతా సంస్థ మాజీ ఉద్యోగి థామస్ డ్రేక్ మీద 2010లో గూఢచర్య చట్టం కింద కేసు పెట్టారు. కేసుకు ఆధారంగా చూపిన పత్రాల్లో ఒకటి ఉద్యోగులను అభినందిస్తూ రాసిన నోట్. కేసు 2011 జూన్‌లో చిన్న నేరం ఒప్పుకోలుతో కుప్పకూలింది. ఆ నోట్‌కు ముద్ర వేయడమే నియమాల ఉల్లంఘన అని, వేసినవారిపై చర్య తీసుకోవాలని ఫిర్యాదు చేసినవారు ఈ లియోనార్డే. ఆయన సామాన్యుడు కాడు, మొత్తం అమెరికా ప్రభుత్వ రహస్య ముద్రల పర్యవేక్షక కార్యాలయానికి అంతకుముందు అధిపతి. ఎవరి మీదా చర్య లేదు.